పక్షులను సమీపించు విధము



నలమహారాజు కొలనుగట్టున నిద్రించు బంగారు హంసను అలికిడి కాకుండ సమీపించి చేజిక్కించుకొనిన కథ మనలో నెఱుగనివారుండరు. శ్రీహర్షుని నైషధమును తెనిగించిన శ్రీనాథుడు తన శృంగారనైషధమున నీ ఘట్టమును విస్తరించి చెప్పినాడు. చిన్ననాడు తండ్రిగారి చెంత ఆ కావ్యమును చదువునప్పుడు నేను రాజుగారి నేర్పునకే సంతసించితిని. చేజిక్కిన హంస తన ముదుసలి తల్లిని, ఇల్లాలిని, రెక్కలు రాని పిల్లలను తలంచుకొని విలపించుటయు, అది విని రాజు దానిని విడిచిపెట్టుటయు నాకు కథలోని ముచ్చటలుగానే తోచినవి. ఆ విలాపమునకు అర్థము, నేను పెద్దదాననై చేత కెమేరా పట్టిన పిదప గాని నాకు తెలిసినది కాదు.

నాలుగేండ్ల క్రిందట వేసవి సెలవులకు వచ్చిన మా తమ్ముడు తన పాత కెమేరాను నాకిచ్చి పోయెను. అదే సమయమున మా పెరటి కరివేప చెట్టున పికిలిపిట్టల జంట యొకటి గూడు కట్టెను. తలమీద నల్లని కుచ్చు, తోకక్రింద ఎఱ్ఱని మచ్చ గల ఆ పిట్టలను మీరందఱును ఎఱుగుదురు. గ్రుడ్లు మూడు; పిల్లలును మూడు. నోళ్లు తెఱచి తల్లికై ఎదురుచూచు ఆ పిల్లలను ఫొటో తీయవలెనని నాకు తహతహ కలిగెను. కాని రెండు రెమ్మలు గూటికి అడ్డముగా నుండెను. నేను వానిని ప్రక్కకు వంచి, పూలు గ్రుచ్చు దారముతో కొమ్మకు కట్టి, మనసు తీర ఫొటోలు తీసితిని. మఱునాడు మరల తీయవలసియున్నది గదా యని దారము విప్పక వంటయింటిలోనికి పోయితిని.

మధ్యాహ్నము పెరటిలో గోల విని పరుగెత్తి వచ్చునప్పటికి గూడు వట్టిపోయి యుండెను. గోడమీదనుండి కాకి యొకటి లేచిపోయెను. నేను తొలగించిన ఆకుల సందుననే దానికి గూడు కనబడినది. తల్లిపిట్ట ముక్కున పురుగును పట్టుకొని, గూటి అంచున వ్రాలి, లోనికి చూచి, మరల ఎగిరి, మరల వచ్చి వ్రాలుచుండెను. ప్రొద్దు వాలువఱకు అట్లే చేసెను. ముక్కునందలి పురుగును అది విడువలేదు. నేను దారము విప్పితిని గాని, ఇక విప్పియేమి లాభము?

ఆనాటినుండి పక్షులను సమీపించుట యన నేమో తెలిసికొనుటకు ప్రయత్నించుచున్నాను. చదివి కొంత, చూచి కొంత, పొరపాటుపడి కొంత నేర్చుకొనినదానిని ఇచట వ్రాయుచున్నాను. నేడు ప్రతి యింటను సెల్ ఫోనైనను ఉన్నది. పిల్లల చేతులలో కెమేరాలును ఉన్నవి. కనుక ఈ విషయము మనకు దూరమైనది కాదు.

మొదటి సంగతి. ప్రతి పక్షికిని ఒక హద్దు కలదు. మనము ఆ హద్దునకు ఆవల నున్నంతవఱకు అది తన పని తాను చేసికొనును. హద్దు దాటిన తోడనే ఎగిరిపోవును. ఈ హద్దు జాతిని బట్టియు, స్థలమును బట్టియు మాఱును. ఊరి నడుమ గోరువంక మన కాళ్లకు నాలుగైదు అడుగుల దూరమున నిర్భయముగా మెసలును. వేటగాండ్ర బెడద గల చెఱువులలో బాతుల గుంపు మనము గట్టెక్కకమునుపే లేచిపోవును. ఛాయాగ్రాహకునికి దూరము సగము తగ్గినచో చిత్రమున పిట్ట రెండింతల ఎత్తుగా కనబడును. దగ్గఱకు పోవలెనను ఆశకు మూలమిదియే. కాని హద్దును దాటి కొనిపోవు ఆశ వలన దక్కునది ఎగిరిపోవు పిట్ట వీపు మాత్రమే.

మన గుడ్డికొంగను చూడుడు. చెఱువుగట్టున మట్టిరంగుతో, మెడ ముడుచుకొని కూర్చుండు ఈ కొంగ మనము మిక్కిలి సమీపించువఱకు కదలదు. అందుచే దీనికి కన్నులు కనబడవని మనవారు గుడ్డికొంగ యను పేరు పెట్టినారు. నిజమునకు దాని చూపు మిక్కిలి వాడియైనది. నీటిలోని చేపపిల్లను గుఱి తప్పక పొడుచును. తన రంగు మట్టిలో కలిసిపోయి తానెవ్వరికిని కనబడనని దానికి నమ్మకము. ఆ నమ్మకము చెడిన క్షణమున తెల్లని రెక్కలు విప్పి ఎగురును. అంతవఱకు మట్టిముద్దవలె నున్నది ఒక్కసారిగా వెలిపట్టువలె మెఱయును. క్రొత్తగా అభ్యసించువారికి ఇంతకంటె మంచి గురువు లేదు.

గురువు చెప్పు పాఠమేమనగా, హద్దు సమీపించినదని పక్షి ముందుగానే మనకు తెలుపును. మేయునది మేత మానును. ముడుచుకొనిన మెడ నిక్కును. తల యిటునటు త్రిప్పి ఒక కంటితో మనలను చూచును. బరువు ఒక కాలినుండి మఱియొక కాలికి మార్చును. పెక్కు పక్షులు ఎగురబోవుటకు ముందు రెట్ట వేయును. ఈ గుఱుతులలో మొదటిది కనబడినప్పుడే నిలిచిపోవలెను. కదలక నిలిచినచో ఒకటి రెండు నిముషములలో అది మరల మేతకు దిగును. అప్పుడు మఱి రెండడుగులు వేయవచ్చును. మేతకు దిగనిచో రెండడుగులు వెనుకకు వేయవలెను. వెనుకకు పోవుట ఓటమి కాదు. ఇందు అదియే మర్యాద.

నడచు తీరును చెప్పెదను. పక్షివైపునకు తిన్నగా పోరాదు. పిల్లియు వేటగాడును పోవు నడక యదియే. ఏదో పనిమీద పోవుచున్నట్లు ఏటవాలుగా, మెల్లగా నడువవలెను. కన్నులు పక్షిపై నాటి చూడరాదు. నిలువుటెత్తు మనిషికంటె కూర్చుండిన మనిషికి పక్షులు తక్కువ బెదరును. కావున దగ్గఱకు వచ్చిన కొలది వంగి, మోకాళ్లపై నడచి, కడకు కూర్చుండుట మంచిది. పక్షి కంటికి సమమైన ఎత్తున తీసిన చిత్రమే అందముగా నుండును గనుక కూర్చుండుటలో రెండు లాభములు. చేతి గాజులు గలగలలాడకుండ పైకి త్రోయవలెను. తెల్లని చీర, మెఱయు జరీ పనికిరావు; మాసిన ఆకుపచ్చయో కావిరంగో మేలు. సూర్యుడు మన వీపువెనుక నుండవలెను. ప్రొద్దుపొడిచిన పిదప మొదటి రెండు గంటల వెలుతురు మెత్తనిది; అప్పుడే పక్షులకు ఆకలి, మేతయందు శ్రద్ధ. ఎగురు పిట్టను పట్టవలెనన్న సెకనులో 1000వ వంతు వేగము కావలెను. కూర్చుండిన దానికి అందులో నాలుగవ వంతు చాలును.

పొలములలో ఒక వింత గమనించితిని. నన్ను చూచి లేచిపోవు కొంగ గేదె కాళ్ల సందున నిశ్చింతగా మిడుతలను ఏఱుకొనుచుండును. ఆ గేదె వీపుపై కూర్చుండిన పసులకాపరి పిల్లవానిని అది లెక్కచేయనే చేయదు. ఈ రహస్యము ఇంగ్లాండునందు రిచర్డు, చెర్రీ కీర్టను అను సోదరులు కనిపెట్టి వాడుకొనిరి. 1892లో వీరు పక్షిగూటిని గ్రుడ్లతో ఫొటో తీసిరి. 1895లో గూళ్లను గూర్చి సహజ ఛాయాచిత్రములతో గ్రంథమును వెలువరించిరి. ఆ కాలపు కెమేరాలకు దూరమునుండి తీయు శక్తి లేదు. పక్షులు ఎద్దును చూచి బెదరవు గనుక 1900 ప్రాంతమున వీరు ఎద్దుతోలులో లోపల గుల్లగా బొమ్మ చేయించి, అందులో దూఱి నిలిచి, దాని కంతనుండి ఫొటోలు తీసిరి. ఒకసారి రిచర్డు లోపల నుండగనే ఎద్దు తలక్రిందులుగా పడిపోయెనట! నవ్వు వచ్చును గాని, ఆ యోపిక మాత్రము నవ్వదగినది కాదు.

మన స్త్రీజాతికి గర్వకారణమైన కథ యొకటి యున్నది. ఎమ్మా టర్నరు అను ఆంగ్లవనిత రిచర్డు కీర్టనును కలిసికొనిన పిదప ఈ విద్యను చేపట్టెను. నార్ఫోకు ప్రాంతపు రెల్లుమడుగులలో ఏటేట కొన్ని నెలలు పడవయింటిలో నివసించి, సుమారు ఇరువదియేండ్లు పక్షులను చూచి, తీసి, వ్రాసెను. బిట్టర్ను అను రెల్లుకొంగ పందొమ్మిదవ శతాబ్దము చివర బ్రిటనులో పిల్లలను పెట్టుట మానెనని అందఱు అనుకొనుచుండగా, 1911లో ఆమె దాని పిల్లను ఫొటో తీసి, అది మరల వచ్చినదని ఋజువు చేసెను. పేరుమోసిన లిన్నేయను సంఘము స్త్రీలను మొదటిసారి చేర్చుకొనినప్పుడు చేరినవారిలో ఆమె యొకతె. వేగిరపాటుతో ఆమెకు ఇది దక్కలేదు. రెల్లు నడుమ నివాసముండి, ఆ రెల్లులో తానొక భాగమైనందున దక్కినది.

మనకు పడవయిండ్లు లేవు. కాని మాటు వేసికొనవచ్చును. నేను వేసిన మాటు ఇది. పాతగొడుగు నొకదానిని కఱ్ఱకు కట్టి నేలలో పాతితిని. దానిచుట్టు నీటికావి పట్టిన పాతచీరను నేలవఱకు వ్రేలాడునట్లు చుట్టి, గాలికి రెపరెపలాడకుండ అంచున రాళ్లు పెట్టితిని. లోపల పీట, కంటి ఎత్తున చిన్న కంత. ఇంతే. కాని వేసిన దినముననే లోపల కూర్చుండరాదు. రెండుమూడు దినములు వట్టిగా వదలినచో పక్షులు దానిని గడ్డివామువలె భావించి దానిపైననే వ్రాలును.

మాటులోనికి పోవునప్పుడు పిట్ట చూచినచో ఏమి చేయుదుమందురా? దానికొక ఉపాయము కలదు; ఈ పని చేయువారిలో చాలకాలముగా వాడుకలో నున్నది. ఇద్దఱు కలిసి మాటులోనికి పోవలెను. ఒకరు తిరిగి వెడలిపోవలెను. చాల పక్షులకు వచ్చినవారెందఱో పోయినవారెందఱో లెక్క యుండదు. మనుష్యులు పోయినారని నెమ్మదించును. మా యింట ఈ వెడలిపోవు పాత్ర మావారిది. బడికి పోవుచు నన్ను మాటులో దింపి, పెద్దగా దగ్గి, చెప్పులు చప్పుడు చేయుచు వెడలిపోవుదురు. తరగతిలో పిల్లలను నిశ్శబ్దముగా నుండుడని చెప్పు ఉపాధ్యాయుడు ఉదయమున ఇంత చప్పుడు చేయవలసివచ్చెనే యని వారి వేళాకోళము.

ఇంటిపని విడిచి గంటలకొలది కూర్చుండలేని సోదరీమణులకు ఇంతకంటె సులభమైన మార్గము కలదు. మనము పక్షి కడకు పోనేల? అదియే మన కడకు వచ్చును. వెడల్పైన మట్టిమూకుడులో రెండంగుళముల లోతున నీరు పోసి, చెట్టునీడకు దగ్గఱగా, పిల్లి పొంచియుండుటకు పొద లేని చోట ఉంచుడు. నీటిని ప్రతిదినము మార్చి మూకుడును తోముట మఱువరాదు. మురికినీరు పక్షులకు రోగములు తెచ్చును. ఎండకాలమున వారము తిరుగకమునుపే పిచ్చుకలు, గువ్వలు, గోరువంకలు, పికిలిపిట్టలు వేళతప్పక వచ్చును. సెల్ ఫోనును ఇటుకకు ఆనించి, మూకుడునకు గుఱిపెట్టి, దూరమునుండి నొక్కు చిన్నమీటతో వంటయింటినుండియే ఫొటో తీయవచ్చును. పక్షికి భయము లేదు. మనకు పని చెడదు.

ఇక ముఖ్యమైన మాట. గూటిలోని పక్షి సంగతి వేఱు. మేయునది బెదరినచో మఱియొకచోట మేయును. దానికి పోయినది కొంత మేత మాత్రమే. గూటిలో నున్నది బెదరినచో పోవునది సంతానము. మన యిండ్లలో పురిటిగది కడ మర్యాద యెట్టిది? పిలువనిదే లోనికి పోము. కాళ్లు కడుగుకొని, గొంతు తగ్గించి, బిడ్డను కనులార చూచి, బాలెంతను అలయనీయక త్వరగా వెలుపలికి వత్తుము. గాలి తగులునని మూసిన కిటికీని, నాకు వెలుతురు చాలలేదని తెఱచువారెవ్వరైన నుందురా? నేను కరివేప చెట్టున చేసినది అచ్చముగా అదియే.

తీతువుపిట్ట బయలునేలపై గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. గ్రుడ్ల రంగు రాళ్లలో కలిసిపోవును. మండువేసవిలో తల్లి వానిపై కూర్చుండుట వెచ్చదనమునకు కాదు, నీడకొఱకు. నీటికి పోయి పొట్ట ఈకలను తడిపి తెచ్చి ఆ తడితో గ్రుడ్లను చల్లబఱచును. మనము కెమేరాతో అచట నిలిచినంతసేపు అది అఱచుచు చుట్టు తిరుగును గాని దిగదు. ఆ సమయమున గ్రుడ్లు ఎండకు ఉడుకుచుండును. దాని కూత అపశకునమని మనవారందురు. దాని గూటి చెంత మనము నిలుచుటయే దానికి అపశకునము!

గుంపులుగా గూళ్లు కట్టు పక్షుల కడ నష్టము మఱింత. పులికాటు చెంతనున్న నేలపట్టున గూడబాతులు చెఱువులోని చెట్లపై పిల్లలను పెంచును. కొల్లేటి ఒడ్డున ఆటపాకలో అటవీశాఖవారు నిలిపిన ఇనుప మంచెలపై సైతము అవి గూళ్లు కట్టుచున్నవి. గుంటూరు దగ్గఱి ఉప్పలపాడున ఊరి చెఱువులోని చెట్లే వానికి పురిటిండ్లు. ఆ గ్రామస్థులు వానిని కాపాడుచున్నారు. ఒక్కరు హద్దుమీఱి ముందుకు పోయినచో వందలకొలది తల్లులు ఒక్కసారిగా లేచును. ఈకలు రాని పిల్లలు ఎండకును కాకులకును గ్రద్దలకును వదలివేయబడును. అట్టిచోట్ల గట్టుననో మంచెపైననో నిలిచి, దూరపు కటకముతో తీసినది చాలును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పక్షుల గ్రుడ్లను, గూళ్లను కదలించుటను సైతము వేట యనియే పేర్కొన్నది. మనము వేటగాండ్రము కామనుకొందుము. చట్టము కంటికి ఆ దారము కట్టిన చేయియు వేటగాని చేయియే.

ఇటీవల మఱియొక దురభ్యాసము ప్రబలినది. పక్షి కూతను ఫోనులో వినిపించి దానిని పొదనుండి వెలుపలికి రప్పించుచున్నారు. తన పొలిమేరలో పగవాడు చొచ్చెనని భ్రమసి ఆ మగపిట్ట మేతను మాని, గూటి కాపలా మాని, లేని శత్రువుతో పోరాడవచ్చును. నకిలీ కేకతో గృహస్థును వీథిలోనికి ఈడ్చి ఫొటో తీసి నవ్వుట వంటిదే యిది. గూళ్లు కట్టు కాలమున దీనిని బొత్తిగా విడువవలెను.

సమీపించుటలోని గొప్పతనమును, కీడును ఒక్క కథలోనే చూపవలెనన్న కలివికోడి చరిత్ర చెప్పవలెను. 1848లో జెర్డను అను వైద్యుడు లోకమునకు తెలిపిన ఈ పక్షి 1900 తరువాత ఎవ్వరికిని కనబడక, లేదనియే యెంచబడెను. 1986 జనవరిలో కడప సీమలోని లంకమల ప్రాంతమున మరల దొరికెను. రాత్రివేళ దీపపు వెలుతురున స్థానికుడొకడు దానిని ప్రాణముతో పట్టితెచ్చెను. లోకమంతయు సంతసించెను గాని, పట్టుబడిన ఆ పక్షి బ్రదుకలేదు. తరువాత వచ్చిన శాస్త్రజ్ఞులు దానిని తఱుమలేదు. పొదల నడుమ మెత్తని మట్టి పఱచి ఉదయమున అడుగుజాడలు చదివిరి. మనిషి లేకుండ తానే ఫొటో తీయు కెమేరాలను అమర్చిరి. అట్లు దాని ఉనికిని కనుగొనుటవలన దాని అడవిలో పోవలసిన తెలుగుగంగ కాలువ సైతము దారి మార్చుకొనెను. చేయి చాచినవానికి దక్కని పక్షి, దూరముగా నిలిచినవారికి తన అడుగుజాడలను తానే ఇచ్చినది.

గడచిన యేడు మా కరివేప చెట్టున మరల పికిలిపిట్టలు గూడు కట్టినవి. అవియే యని చెప్పజాలను. అవియే కావలెనని నా మనసు. ఈసారి నేను పెరటిలోనికి కెమేరా కొనిపోలేదు. వంటయింటి కిటికీ కమ్మీలకు చీరకొంగు అడ్డము కట్టి, ఆ సందునుండి మూడే ఫొటోలు తీసితిని. ఆకొకటి అడ్డము వచ్చి, పిల్లలలో రెండింటి తలలు సగము కప్పబడినవి. మూడవదాని నోరు మాత్రమే కనబడుచున్నది. పండ్రెండవనాడు పిల్లలు గూడు విడిచి కొమ్మమీదికి వచ్చినవి. రెండు దినములు తల్లిదండ్రుల వెంట పెరడంతయు తిరిగి, పిమ్మట గోడదాటి పోయినవి.

ఆ ఫొటోను మావారు చట్టము కట్టించి గోడకు తగిలించిరి. మా అమ్మాయి దానిని చూచి, "అమ్మా, ఆకు అడ్డమున్నదే! ప్రక్కకు తీయకపోతివా?" అని అడిగెను.

"ఆ యాకు అడ్డముండబట్టియే పిల్లలు బ్రదికినవే, తల్లీ" అంటిని.

ఆకు అడ్డము లేని ఫొటోలు నా పెట్టె అడుగున నున్నవి. మూడు నోళ్లును విప్పారి, ఒక్క నీడయైన లేక, చక్కగా వచ్చినవి. వానిని నేను ఎవ్వరికిని చూపలేదు. మీ పెరటి చెట్టున గూడు కనబడినప్పుడు, సోదరీమణులారా, మీ పెట్టెలో అట్టి ఫొటో చేరకుండుగాక యని కోరి ఈ నాలుగు మాటలు వ్రాసితిని.